మా ఊళ్ళో డిప్రెషన్ లేదు

మా నిమ్మనపల్లెలో డిప్రెషన్ లేదు. ఇది నా సొంత అభిప్రాయం కాదు. పాలకేంద్రం దగ్గర తేలిన సంగతి, రచ్చబండ మీద ఖాయమైన సంగతి. మా వసారాలో నేను గోడకు ఆనుకుని కూర్చునుండగానే, నా తలమీదుగా నలుగురూ మాట్లాడుకుని తీర్మానించిన సంగతి. బీపీ ఉంది. షుగర్ ఉంది. మోకాళ్ళ నొప్పులకు కొదవ లేదు. గ్యాస్ ఇంటింటికీ ఉంది, పొయ్యి మీదా ఉంది, కడుపులోనూ ఉంది. దిగులు జబ్బు మాత్రం బెంగళూరులో సాఫ్ట్‌వేర్ వాళ్ళకూ హైదరాబాదులో సినిమా వాళ్ళకూ వస్తుందట. నెలకు లక్ష రూపాయల జీతం లేని మనిషి మొహం అది చూడదని మా పెదనాయన సిద్ధాంతం.

మరి నాకు ఏళ్ళ తరబడి ఉన్నదేమిటి? తెల్లవారుజామున మూడు గంటలకు ఎవరూ లేపకుండా మెలకువ. ఏమీ జరగకుండానే గుండె దడ. పడుకున్నా తీరదు, కూర్చున్నా తీరదు, అంతటి నీరసం. బిందె ఎత్తాలంటే ముందు ఎత్తాలన్న ఆలోచనను ఎత్తాలి, ఆ ఆలోచనకే సగం సత్తువ అయిపోతుంది. దీనికి మా అత్తగారి వైపు వాళ్ళు బద్ధకం అని పేరు పెట్టారు. పుట్టింటి వాళ్ళు దిష్టి అన్నారు. పక్కింటావిడ ఫోను అంది. చదువుకున్న మరిది థైరాయిడ్ అన్నాడు, ల్యాబులో లేదని తేలాక కూడా అంటూనే ఉన్నాడు.

"ఏంది అమ్మణ్ణీ, పగలంతా పడుకోనే ఉండావంట?" అని పరామర్శకు వచ్చిన పెద్దమ్మ, నేను నోరు తెరిచేలోపు జవాబు కూడా తనే చెప్పింది. "నీకేం తక్కువ? ఇల్లుంది, మొగుడు తాగడు, బిడ్డలు చదువుకుంటా ఉండారు. మా కాలంలో ఇట్లాంటి రోగాలు యాడుండాయి?" ఆమె కాలంలో మా అవ్వ దినమంతా దంతెల కిందే కూర్చుని ఎవరితోనూ పలకకుండా ఏళ్ళు గడిపింది. అప్పుడు దాన్ని రోగం అనలేదు, మొండితనం అన్నారు. ఆ విధంగా వాళ్ళ కాలంలో రోగాలు లేవు.

ఇక సలహాలు. నడువు. యోగా చెయ్. రాగి సంగటి తిను. బాదం నానబెట్టుకుని తిను. మంచి ఆలోచనలు పెట్టుకో. టీవీ చూడు. టీవీ చూడకు. జిడ్డు కృష్ణమూర్తి 1895లో పుట్టింది మా పక్కనున్న మదనపల్లెలోనే. ఆయన్ను జగద్గురువును చేద్దామని పెట్టిన సంస్థను 1929లో ఆయనే రద్దు చేసి, గురువులెవరూ వద్దని లోకమంతా తిరిగి చెప్పాడు. ఆయన పుట్టిన గడ్డ మీద ఇప్పుడు గురువు కాని మనిషి కనబడితే చూపించండి, వెళ్ళి దండం పెట్టుకుని వస్తాను.

గాలి సోకిందని అంత్రం కట్టించారు. బోయకొండ గంగమ్మకు మొక్కించారు. గంగమ్మ తల్లిని నేనొక్క మాట అనను. మా బంధువర్గం మొత్తంలో నా మాట మధ్యలో ఆపకుండా చివరిదాకా విన్నది ఆమె ఒక్కతే.

వీటన్నిటికన్నా గొప్పది గ్లూకోస్ సీసా. ఒంట్లో బాగాలేదంటే మా వైపు ముందు వెళ్ళేది ఆర్‌ఎంపీ దగ్గరికి. ఆయన నాలుక చూస్తాడు, కంటి రెప్ప కిందికి లాగి చూస్తాడు, "నీరసం, ఒక బాటిల్ ఎక్కిద్దాం" అంటాడు. సీసాలోకి ఒక సూది మందు కొడితే నీళ్ళు పసుప్పచ్చగా మారతాయి. ఆ రంగు చుక్కచుక్కగా దిగుతుంటే చూసేవాళ్ళకు కలిగే నమ్మకం ఏ పెద్దాసుపత్రీ కలిగించలేదు. నిజానికి అందులో ఉన్న బలం ఒక గ్లాసు చెరకు రసంలోనూ ఉంటుంది. అయినా నాకు హాయిగా అనిపించేది. ఎందుకో తెలిసింది కూడా. ఆ సూది చేతికి గుచ్చి ఉన్నంతసేపూ నన్నెవరూ లేపరు. కాఫీ పెట్టమనరు, గేదెకు కుడితి పెట్టమనరు, "ఊరికే పడుకోనుంది" అనరు. "పాపం, బాటిల్ ఎక్కుతా ఉంది" అని గొంతు తగ్గించి మాట్లాడతారు. నాకు తెలిసి మా మండలంలో పెళ్ళయిన ఆడమనిషి పట్టపగలు మంచం మీద వాలడానికి ఉన్న ఒకే ఒక్క చట్టబద్ధమైన మార్గం అది. డబ్బు కట్టి కొనుక్కున్నది మందు కాదు, ఒక గంట.

విడ్డూరం ఏమిటంటే, మా తాలూకా విశ్రాంతికి పెట్టింది పేరు. వచ్చినవాళ్ళందరికీ ఇచ్చాం. కడప కలెక్టరుగా ఉన్న హార్స్‌లీ దొరకు ఎండ పడలేదు. 1870 ప్రాంతంలో ఏనుగు మల్లమ్మ కొండ మీద బంగళా కట్టుకుని చల్లగా కూర్చున్నాడు. "అందరికీ ఉండేదే ఎండ, నీకొక్కడికే వచ్చిందా" అని ఎవరూ అడగలేదు. పైగా మల్లమ్మను పక్కకు తప్పించి కొండకు ఆయన పేరే పెట్టాం. 1919లో దక్షిణదేశ పర్యటన మధ్యలో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లె బిసెంట్ కళాశాలలో కొన్నాళ్ళు ఆగాడు. ఆ ఆగిన రోజుల్లోనే జనగణమనను ఇంగ్లీషు చేశాడు. పని లేకుండా చెట్టు కింద ఏం కూర్చున్నావు, లేచి నాలుగు అడుగులు వెయ్యి, మనసు అదే కుదురుకుంటుంది అని చెప్పడానికి అప్పట్లో మా పెద్దమ్మ లేకపోవడం దేశం చేసుకున్న అదృష్టం.

అసలు కథ ఆరోగ్యవరానిది. క్రైస్తవ మిషన్లు కొన్ని కలిసి 1915లో మదనపల్లె పక్కన క్షయ శానిటోరియం తెరిచాయి. డెన్మార్క్ డాక్టరు ఫ్రిమోట్ మోలర్ దాన్ని నడిపాడు. అప్పటికి క్షయకు మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ రావడానికి ఇంకా ముప్పయ్యేళ్ళు పడుతుంది. శానిటోరియాల్లో ఉన్న వైద్యమల్లా మంచి గాలి, మంచి తిండి, నెలల తరబడి మంచం. ఎక్కడెక్కడి నుంచో రోగులు రైలెక్కి వచ్చి మా ఆకాశం కింద పడుకున్నారు. అంతటితో ఆగలేదు. పాడైన ఊపిరితిత్తికి కూడా విశ్రాంతి కావాలని, ఛాతీలోకి సూదితో గాలి పంపి దాన్ని ముడుచుకునేట్టు చేసి, పని మాన్పించి పడుకోబెట్టేవాళ్ళు. ఆ కాలపు వైద్యంలో అది పేరున్న పద్ధతి. చూడండి, ఒక ఊపిరితిత్తికి సెలవు మంజూరైన చోటు ఇది. ఊపిరితిత్తి సోమరిదని, తిన్నది అరక్క అలా చేస్తోందని ఎవరైనా అన్నట్టు రికార్డు లేదు. 1948లో దేశంలో బీసీజీ టీకా పని మొదలైన తొలి చోట్లలో కూడా మదనపల్లె ఉంది. జబ్బును ఎలా చూడాలో దేశానికి నేర్పిన ఊరి పక్కనే మా ఊరు. నేర్చుకోవడానికి బస్సు దొరకలేదేమో.

క్షయ రోగికి మంచం ఎందుకు దక్కింది, నాకెందుకు దక్కలేదు? ఆలోచించగా తేలిందేమిటంటే, ఆయనకు కాగితం ఉంది. ఎక్స్‌రే ఫిల్ము మీద నీడ పడింది, కళ్ళెలో క్రిమి కనబడింది. ఆ కాగితం వచ్చేదాకా క్షయను కూడా శాపమనీ పాపమనీ దాచిపెట్టి సంబంధాలు చెడగొట్టుకున్న జనమే మనం. నాకు పడని నీడ కోసం మావాళ్ళు తియ్యని ఫిల్ము లేదు. రక్తం, మూత్రం, ఈసీజీ, కడుపు స్కానింగు, చివరకు తల స్కానింగు. అన్నీ నార్మల్. రిపోర్టులు నార్మల్ అని వచ్చిన రోజు మా ఇంట్లో కమ్ముకున్న నిరాశ చెప్పనలవి కాదు. "ఏమీ లేదంట" అని మా ఆయన బాకీ ఎగ్గొట్టినవాడిని చూసినట్టు చూశాడు. అంత డబ్బు పెట్టిస్తే మర్యాదకైనా చిన్న గడ్డ ఒకటి చూపించాల్సింది.

ఆందోళన గురించి కూడా ఒక మాట. నాకు ప్రతిదానికీ భయమట, "టెన్షన్ పార్టీ" అని పేరు. ఎవరి మధ్య బతుకుతూ ఈ పేరు తెచ్చుకున్నాను? టమోటా రైతుల మధ్య. దేశంలోని పెద్ద టమోటా మార్కెట్లలో మదనపల్లె ఒకటి. నారు పోసిన రోజున ధర తెలియదు, కోసిన రోజున తెలియదు, క్రేట్లు వేలంపాటలో పెట్టాక తెలుస్తుంది. 2023 జూలై చివర్లో కిలో రెండు వందల దరిదాపులకు వెళ్ళింది. ఇంకో ఏడు కోత కూలి కూడా రాదని పంటను చేలోనే వదిలేశారు, రోడ్డు పక్కన పారబోశారు. కనీస మద్దతు ధర ఈ పంటకు లేదు. మొత్తం మండలం రాత్రిపూట కప్పు కేసి చూస్తూ పడుకుంటుంది, పొద్దున లేచి నన్ను చూసి నవ్వుతుంది. వాళ్ళ గుండె దడకు మార్కెట్ రేటు అని పేరుంది కాబట్టి అది వ్యాపారం. నా దడకు రేటు లేదు కాబట్టి అది పిచ్చి.

మా ఇంట్లో గేదె ఉంది. ఒక పూట మేత ముట్టకపోతే చాలు, మా ఆయన చొక్కా వేసుకుంటాడు. "బుద్ధిగా తిను, మనసు గట్టి చేసుకో" అని దానికి ఎవరూ ఉపన్యాసమివ్వరు. పక్క గేదె నీకన్నా కష్టాల్లో ఉందని పోల్చరు. 1962కు ఫోన్ చేస్తే పశువుల అంబులెన్సు వస్తుంది. ఆ నంబరు మా ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా నోటికి వచ్చు. ఇక పక్కనున్న పుంగనూరు జాతి పొట్టి ఆవు సంగతి చెప్పనే అక్కర్లేదు. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి స్వయంగా మేత తినిపించిన వైభోగం దానిది. నేను అసూయపడుతున్నానంటే పడుతున్నాను.

సర్కారు ఏమీ చేయలేదని అనను, చాలా రాసింది. 2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చేశారు, 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. ఎంత అందమైన చట్టమో! మనసు జబ్బు ఉన్నవాళ్ళు వైద్యం కోసం దూరాలు ప్రయాణించాల్సిన అవసరం రాకూడదనీ, ఉన్న చోటికి దగ్గర్లోనే సేవలు అందాలనీ అందులో ఉంది. దారిద్ర్యరేఖకు దిగువనున్న వాళ్ళకు వైద్యం ఉచితమని ఉంది. బీమా కంపెనీలు ఒంటి జబ్బుకూ మనసు జబ్బుకూ తేడా చూపకూడదని ఉంది. ప్రాణం తీసుకోబోయిన మనిషిని నేరస్తుడిగా కాకుండా తీవ్రమైన ఒత్తిడిలో ఉన్న మనిషిగా చూడాలని ఉంది. ఆ చట్టాన్ని నేను బెంగళూరు బస్సులో, చింతామణి దాటాక, కిటికీ పక్క సీట్లో కూర్చుని ఫోనులో చదివాను. దూరం పోనక్కర్లేదన్న వాక్యం దగ్గరకొచ్చేసరికి సిగ్నల్ పోయింది.

బెంగళూరులోని మానసిక ఆసుపత్రి నింహాన్స్‌లో క్యూ నిండా తెలుగే. కుప్పం నుంచి రైల్లో వచ్చినవాళ్ళు, మదనపల్లె, పలమనేరు, హిందూపురం బస్సులు దిగినవాళ్ళు. డిప్రెషన్ లేని ఊళ్ళ నుంచి ఇంతమంది రావడం నాకు కొంచెం ఆశ్చర్యం కలిగించింది. ఒకరినొకరు ఊరడిగి, ఊరు కలిస్తే చప్పున మొహం తిప్పుకునేవాళ్ళం. ఆ నింహాన్సే 2015-16లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. ప్రతి ఇరవై మంది పెద్దల్లో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్‌ను చూశారని, ఆందోళన, దిగులు లాంటి మామూలు మానసిక సమస్యలున్న నూరు మందిలో ఎనభై అయిదు మందికి వైద్యమే అందడం లేదని తేల్చింది. పన్నెండు రాష్ట్రాల్లో చేశారు. ఆంధ్రప్రదేశ్ అందులో లేదు. అంటే మా పెదనాయన మాటే ఖాయం. సర్వే ప్రకారం చూసినా మా ఊళ్ళో డిప్రెషన్ ఉన్నట్టు ఆధారం లేదు.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం మానసిక అనారోగ్యం కూడా వైకల్యాల జాబితాలో ఉంది కదా, ధ్రువపత్రం తెచ్చుకోమని ఎవరో చెప్పారు. నలభై శాతం ఉంటే చాలు. నిలబడలేనని రుజువు చేసుకోవడానికి పొద్దున్నుంచి క్యూలో నిలబడ్డాను. నిలబడగలిగాను కాబట్టి సగం కేసు అక్కడే పోయింది. మిగతాది లోపల పోయింది. స్నానం నువ్వే చేస్తావా? చేస్తాను సార్. వంట? చేస్తాను. పిల్లల పని, పాల పని? చేస్తాను, నేను చేయకపోతే ఎవరు చేస్తారు సార్? ఆ చివరి ప్రశ్నకు ఫారంలో గడి లేదు. "పనులన్నీ చేసుకోగలదు" అని రాసుకున్నారు. ఏడుస్తూ చేసిన వంటా వంటే కదా, ఉప్పు సరిపోయిందా లేదా అన్నదే లెక్క.

నింహాన్స్ మందులు మొదలయ్యాక ఇంకో ముచ్చట. ఈ మాత్రలు పనిచేయడానికి వారాలు పడుతుంది. బాగనిపించాక కూడా నెలల తరబడి వేసుకోవాలి, ఉన్నపళంగా మానకూడదు. నాలుగో రోజుకే "ఏమీ తెలియలేదే" అన్నారు. పదో రోజుకు "అలవాటు పడిపోతావు, మానెయ్" అన్నారు. షుగర్ మాత్ర ముప్పయ్యేళ్ళు మింగినాయన క్రమశిక్షణ గల మనిషి. నిద్ర పట్టడానికి రోజూ క్వార్టరు వేసుకునే మా చిన్నమామ కష్టజీవి. నా మాత్రల అట్టను మాత్రం బియ్యం డబ్బాలో దాచాలి, ఎందుకంటే ఇంట్లో పెళ్ళికెదిగిన ఆడబిడ్డ ఉంది.

2021 జనవరిలో మదనపల్లెలో ఒక ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల ప్రాణాలు పోయాయి, కన్నవాళ్ళే తీశారని కేసు. దాని మీద వ్యంగ్యం రాయను. కానీ ఆ వారం గురించి రాయాలి. ఆ వారమంతా ప్రతి ఛానెల్లోనూ మనసు గురించే చర్చ, ప్రతి అరుగు మీదా మానసిక వైద్యమే మాట. ఆ తల్లిదండ్రులను చికిత్సకని మా మూల నుంచి రాష్ట్రం ఆ చివరనున్న విశాఖపట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళారు. కెమెరాలు వెళ్ళిపోయాయి, చర్చ వెళ్ళిపోయింది. మా ఊళ్ళో మిగిలిందల్లా ఒక్కటే. నా జబ్బుకూ ఆ ఘోరానికీ ఏ సంబంధమూ లేకపోయినా, పిల్లలను కాసేపు నా దగ్గర వదలాలంటే కొందరు ఆలోచించడం మొదలుపెట్టారు. డిప్రెషన్ లేని ఊళ్ళో నాకు పిచ్చి మాత్రం ఒప్పుకున్నారు.

కాబట్టి పెదనాయనా, పెద్దమ్మా, మరిదీ, పక్కింటక్కా, మీకందరికీ ఒక విన్నపం. ఈసారి మా ఇంటికొచ్చేటప్పుడు బాదం పప్పు తేవద్దు, ధైర్యం చెప్పవద్దు, మీ కష్టాలతో నా కష్టాన్ని తూకం వేయవద్దు. వచ్చినవాళ్ళు తిన్నగా వంటింట్లోకి వెళ్ళి సంగటి కెలకండి. గేదెకు కుడితి పెట్టండి. నెలకొకసారి బెంగళూరు బస్సులో తోడు రండి, కిటికీ సీటు మీకే ఇస్తాను. చేతికి సూది లేకుండా నేను పగలు పడుకుంటే చూసీ చూడనట్టు పొండి. ఏడాదికేడాది మీలో కూడా ఎవరో ఒకరు రాత్రి మూడు గంటలకు లేచి కూర్చుంటున్నారని నాకు తెలుసు, లైటు వెలగడం మా వసారాలోంచి కనబడుతుంది. మీకోసమే చెబుతున్నా: 108 మీకు తెలుసు, 1962 తెలుసు, ఇంకోటి రాసుకోండి. 14416. 2022 అక్టోబరు 10న మొదలైంది, టెలీ మానస్ అంటారు, పగలూ రాత్రీ ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు. ఎక్స్‌రే అడగరు.